ముప్పై ఏడో ఫ్రేము

కత్తెర కుడిచేతి పక్కన, రీలు దానికి జానెడు దూరంలో, స్టీలు డబ్బా రీలుకు అవతల. దీపం ఆర్పేముందు ఆమె ఈ మూడింటినీ ఒకసారి చూసి, మరోసారి తడిమి, స్విచ్ నొక్కింది. ముప్పై ఆరేళ్ళుగా రోజుకు పది పన్నెండుసార్లు ఆర్పుతున్న దీపమే. అయినా ఆరిన మొదటి క్షణంలో ఆమె ఇప్పటికీ కళ్ళు గట్టిగా మూసుకుంటుంది. తెరిచినా మూసినా ఒకటే అయినప్పుడు కళ్ళకైనా కాస్త విశ్రాంతి దొరుకుతుందని ఆమె ఉద్దేశం.

ఫోటోలు కడిగే గది అనగానే అందరికీ ఎర్రదీపం గుర్తొస్తుంది. అది కాగితం మీద బొమ్మ వేసేటప్పటి సంగతి. కెమెరాలోంచి వచ్చిన ఫిల్మును రీలుకు చుట్టేటప్పుడు ఎర్రదీపం కాదు కదా, గడియారం ముల్లు మెరిసినా ముప్పే. అందుకే తలుపు కింద సందులో నల్లగుడ్డ కుక్కుతుంది. ఫోను బయట బల్ల మీదే వదిలేసి వస్తుంది. లోపల ఉన్నంతసేపూ ఆమెకు లోకంతో పని లేదు. లోకానికి ఆమెతో ఎలాగూ పెద్దగా లేదు.

చీకట్లో వేళ్ళు వాటి పని అవి చేసుకుపోయాయి. ఫిల్ము డబ్బీ మూత ఊడదీయడం, నాలుకలా పొడుచుకొచ్చిన మొదటి ముక్కను సమంగా కత్తిరించడం, దాన్ని రీలు అంచులో దూర్చి రెండు చేతులూ అటూ ఇటూ తిప్పుతూ లోపలికి ఎక్కించడం. నిమిషంలోపే ఫిల్మంతా రీలు మీదకు చేరి, కొసన డబ్బీ నడిమి ఇరుసు ఒక్కటే వేలాడింది. ఫిల్ము కొస దానికి టేపుతో అతికి ఉంటుంది. ఇక్కడ కత్తిరించాలి. తొందరగా పని తెమల్చుకోవాలనుకునేవాళ్ళు ఒకటిన్నర అంగుళం వదిలేసి కత్తిరిస్తారు. ఆమె అలా చేయదు. ఎడమ బొటనవేలిని ఇరుసుకు ఆనించి, గోరు వెంబడే కత్తెర నడిపిస్తుంది. ఇరుసు మీద సన్నటి పీలిక తప్ప మిగలదు.

చేరిన కొత్తల్లో పాత ఓనరు నేర్పిన పద్ధతి అది. ఫిల్ము కొనుక్కున్నవాళ్ళది, కొస దాకా వాళ్ళదే, మన కత్తెరకు అందులో వాటా లేదు అనేవాడాయన. డబ్బీ మీద ముప్పై ఆరని రాసి ఉన్నా, కెమెరాలో జాగ్రత్తగా ఎక్కించుకున్నవాళ్ళకు ముప్పై ఏడో ఫోటో కూడా వస్తుంది. అది సరిగ్గా ఆ ఒకటిన్నర అంగుళంలోనే ఉంటుంది. ఆమెకు చీకటక్క అని పేరు పెట్టింది కూడా ఆయనే. ఆయన పోయి పదేళ్ళయినా పద్ధతీ ఉంది, పేరూ ఉంది.

రీలును డబ్బాలో పెట్టి మూత బిగించాక దీపం వేసింది. ఇక వెలుతురుతో భయం లేదు. మందు పోసి, గడియారం తిప్పి, నిమిషానికోసారి డబ్బాను నాలుగుసార్లు తలకిందులు చేస్తూ స్టూలు మీద కూర్చుంది. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, పొట్టి. భుజాలు ముందుకు వంగాయి. కుడి బొటనవేలి గోరు మందులకు గోధుమరంగు తిరిగి, ఎంత తోమినా వదలదు. అదే చేతి చిటికెన వేలు చిన్నప్పుడు తలుపు సందున పడి వంకరపోయింది. ఆ మణికట్టుకు ఎప్పుడూ మూడు రబ్బరు బ్యాండ్లుంటాయి, ఫిల్ము చుట్టలకు వేయడానికి. వాటిని ఇంటికి కూడా వేసుకుపోతుంది. అవి లేకపోతే చెయ్యి బోసిగా ఉన్నట్టుంటుందట.

ఈ గదికీ బయట కౌంటరుకూ మధ్య గోడలో ఒక గూడు ఉంది. అటొక తలుపు, ఇటొక తలుపు. ఫిల్ములు అందులోంచి లోపలికి వస్తాయి, నెగెటివ్‌లు అందులోంచి బయటికి వెళ్తాయి. లోపల దీపం వెలుగుతున్నప్పుడు రెండు తలుపులూ తీసుకోవచ్చు. బయట కూర్చునే అతను నలభై అయిదేళ్ళవాడు, బట్టతల, ఇద్దరు ఆడపిల్లల తండ్రి. నెగెటివ్‌లను స్కాన్ చేసి, కంప్యూటర్లోకి ఎక్కించి, ఎవరి ఫోటోలు వాళ్ళకు లింకులు పంపడం అతని పని. ఆమె అతన్ని తమ్ముడూ అంటుంది, అతను అక్కా అంటాడు. పద్దెనిమిదేళ్ళుగా ఇద్దరి మాటలూ చాలావరకు ఆ గూట్లోంచే నడుస్తున్నాయి.

పదకొండింటికి పళ్ళ డాక్టరు వచ్చాడు. వారమంతా పళ్ళు పీకి, ఆదివారం ఫోటోలు తీసే మనిషి. ఆకాశానికి వెలుతురు కొలిచి మనుషుల్ని తీస్తాడు, మొహాలన్నీ మసిబొగ్గులవుతాయి. ఈమె మందులో ఇంకో రెండు నిమిషాలుంచి ఆ మొహాలను ఎలాగో పైకి లాగుతుంది. ఆయన వాటిని ఫిల్ము పిచ్చివాళ్ళ గ్రూపులో పెట్టి, ఏ మార్పూ చేయలేదు, తీసింది తీసినట్టే అని కింద రాసుకుంటాడు. అది చదివినప్పుడల్లా తమ్ముడు గూట్లోకి తల పెట్టి నవ్వేవాడు. ఆమె కూడా నవ్వేది.

ఈరోజు నవ్వే పరిస్థితి లేదు. డాక్టరు తన తమ్ముడి పెళ్ళిలో తీసిన రీలు మొదటి నుంచి చివరిదాకా అద్దంలా ఖాళీగా వచ్చింది. ల్యాబువాళ్ళే పాడుచేశారని ఆయన కౌంటరు దగ్గర గొంతు పెంచాడు. ఆమె గూట్లోంచి చెయ్యి చాపి నెగెటివ్ అందించి, లోపలి నుంచే నెమ్మదిగా చెప్పింది.

"అంచున అంకెలు చూడండి డాక్టరు గారూ. ఒకటి నుంచి ముప్పై ఆరు దాకా చక్కగా ఉన్నాయి కదా. అవి కంపెనీవాళ్ళు వేసినవి. మా మందు పనిచెయ్యకపోతే అవీ వచ్చేవి కావు."

"మరి నా ఫోటోలు ఏమైనట్టు?"

"మొదట్లో నల్లగా మాడిపోయిన ముక్క ఉంది చూడండి. ముప్పై ఆరూ దాని మీదే ఉన్నాయి. కెమెరాలో ఫిల్ము చక్రాన్ని పట్టుకోలేదు. ఈసారి ఎక్కించాక ఎడమవైపు, ఫిల్ము వెనక్కి చుట్టే గుండీ తిరుగుతోందో లేదో చూసుకోండి. అది తిరగలేదంటే ఫిల్ము కదలనట్టే."

డాక్టరు ఆ నల్ల ముక్కను వెలుతురుకెత్తి చాలాసేపు చూశాడు. ఆ పెళ్ళంతా అందులోనే ఉంది, కానీ ఒక్క మొహమూ బయటికి రాదు. ఆయన దాన్ని కాగితంలో మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. పాపం, ఎన్నిసార్లు ఊపిరి బిగబట్టి నొక్కాడో అనుకుంది ఆమె.

మధ్యాహ్నం టిఫిను డబ్బాలో అన్నం తింటూ ఫోను తెరిచింది. ఆ గ్రూపులో ఆమెకూ ఒక ఖాతా ఉంది. పేరు లేదు, బొమ్మ లేదు, మొహం ఉండాల్సినచోట బూడిదరంగు సున్నా. ఇన్నేళ్ళలో ఒక్క మాట రాయలేదు. ఆమె చూసేది ఒక్కరి ఫోటోలే. ముప్పై ఏడు గారివి.

అది ఆమె పెట్టుకున్న పేరు. ఆయనది పక్క ఊరు. పదకొండేళ్ళుగా నెలకో రీలు పోస్టులో పంపుతాడు. ముప్పై ఆరు ఫ్రేముల్లో వీధులు, వానలు, గోడలు, పిల్లులు ఉంటాయి. అవి ఎవరైనా తీస్తారు. ముప్పై ఏడోది మాత్రం ఎప్పుడూ ఒక్కటే, వంటింటి గుమ్మం పక్కన కుర్చీలో ఆయన భార్య. దాన్ని గ్రూపులో విడిగా పెట్టి, కింద మిగిలిన ముక్క అని రెండే మాటలు రాస్తాడు.

మొదటి నెలల్లో ఆవిడ మొహంలో, అబ్బ, ఇంకా అవలేదా అన్న విసుగు ఉండేది. తర్వాత పట్టించుకోవడం మానేసింది. గుండీ కుట్టుకుంటూ, పేపరు చదువుకుంటూ, బఠాణీలు ఒలుచుకుంటూ, ఒకసారి నోరు తెరుచుకుని నిద్రపోతూ కూడా పడింది. కళ్ళద్దాలు మందమయ్యాయి. కుర్చీ కిటికీ దగ్గరికి జరిగింది. ఒళ్ళో దుప్పటి వచ్చింది. రెండేళ్ళ కింద ఒక నెల రీలు వచ్చింది, కుర్చీ ఉంది, ఆవిడ లేదు. ఆ రోజు ఈమె అన్నం తినలేకపోయింది. తనకు ఏమీ కాని మనిషి కోసం ఏడుస్తున్నానని ఎవరికి చెప్పుకుంటుంది? ఆయన ఆ తర్వాత కూడా నెలనెలా కుర్చీని తీసి పంపుతూనే ఉన్నాడు. ఈమె ఆ ఖాళీ కుర్చీ కోసం కూడా కత్తెరను గోరు వెంబడే నడిపింది.

రీలుతో వచ్చే పని చీటీలు కాక, ఆయన ఆమెకంటూ ఒక్కసారే రాశాడు, మొదటి సంవత్సరంలో. ఇంతకుముందు ఇచ్చినచోట చివరి ముక్క కత్తెరకే పోయేదనీ, ఇక్కడ నిలిచిందనీ, ఇది ఎవరి చేతి చలవో గానీ ఆ చేతికి నమస్కారమనీ ఆ చీటీలో ఉంది. ఆమెకు ఎవరైనా రాసిన ఉత్తరమంటే అదే. గడియారం వెనక గోడకు అంటించి ఉంచుకుంది. మందు చుక్కలు పడి అక్షరాలు సగం చెరిగిపోయినా ఆమెకు కంఠతా వచ్చు.

ఇంట్లో అన్నయ్యా వదినా, మేనకోడలూ ఉన్నారు. చెడ్డవాళ్ళు కారు. ఆమె గది ఆమెకు ఉంది, వేళకు అన్నం ఉంది. గోడ నిండా ఫోటోలున్నాయి. ఒక్కదాంట్లోనూ ఆమె లేదు. నువ్వు ఫోటోల కొట్లో పనిచేస్తావు కదా, నువ్వయితే బాగా తీస్తావు అని ప్రతిసారీ కెమెరా ఆమె చేతిలోనే పెట్టేవాళ్ళు. ఆమె తీసేది. అందరూ నవ్వేవాళ్ళు. ఒకసారి మేనకోడలు చిన్నప్పుడు, అత్త ఏది, అత్త లేదేమిటి అని ఆల్బమంతా వెతికింది. తీసింది అత్తే కదే అంది వదిన. సంగతి అంతటితో అయిపోయింది.

ఆమెకు పెళ్ళి కాలేదన్న దిగులు పోయి చాలా ఏళ్ళయింది. పోనిది ఇంకొకటి ఉంది. ముప్పై ఆరూ అయిపోయాక, చేతిలో ఒక్క ముక్క మిగిలినప్పుడు, దాన్ని ఎవరి కోసం వాడాలో తెలిసిన మనిషి ఒకరు ఉండాలి. ఆ ముక్కలో తాను పడాలి. నిద్రపోతూ అయినా సరే, విసుక్కుంటూ అయినా సరే. ఇంత చిన్న కోరిక పైకి చెబితే నవ్వుతారని ఆమె ఎవరికీ చెప్పలేదు.

రెండింటికి పోస్టు వచ్చింది. తమ్ముడు కవరు చించి, డబ్బీనీ చీటీనీ గూట్లో పెట్టాడు. ముప్పై ఏడు గారి దస్తూరీయే. కొంచెం వెలుతురు ఎక్కువైంది, చివరి ముక్క జాగ్రత్త. ప్రతిసారీ అదే మాట. ఎక్కువవడానికి కారణం ఆయనకు తెలియదు, ఆమెకు తెలుసు. ఆ కెమెరా ముసలిది. దాని షట్టరు తలుపు తీరిగ్గా తెరుచుకుని తీరిగ్గా మూసుకుంటుంది. అందుకని ఆమె పదకొండు నిమిషాల మందును పది నిమిషాలకే ఆపుతుంది. ఆయన అడగలేదు, ఆమె చెప్పలేదు.

దీపం ఆర్పింది. చుట్టింది. గోరు ఆనించి కత్తిరించింది. మందు, నీళ్ళు, మళ్ళీ మందు, అరగంట కడుగుడు. మూడున్నరకు ఫిల్మును రీలు మీంచి విప్పి, పైన క్లిప్పు, కింద బరువు తగిలించి తీగకు వేలాడదీసింది. నీళ్ళు కారుతుండగానే కొసకు వంగి చూసింది. కుర్చీ కోసం చూసింది.

కుర్చీ లేదు. నల్లటి చతురస్రం, దాని మధ్య నుంచి ఏదో బయటికి చాచుకుని ఉంది. నెగెటివ్‌లో వెలుగు నీడ, నీడ వెలుగు. ఆమె కళ్ళు చాలాకాలంగా ఆ తిరకాసుకు అలవాటుపడ్డాయి. అయినా ఈసారి సమయం పట్టింది. అది ఒక చెయ్యి. గోడలో గూడు, గూట్లోంచి చాపిన చెయ్యి, చేతిలో ఒక కవరు. బొటనవేలి గోరు మాత్రం మిగతా వేళ్ళలా లేదు, పాలిపోయి తెల్లగా ఉంది. చిటికెన వేలు వంకర. మణికట్టు మీద మూడు సన్నటి గీతలు.

ఆమె తన కుడిచేతిని ఎత్తి ఆ ఫిల్ము పక్కన పెట్టుకుంది. చిటికెన వేలికి చిటికెన వేలు, గీతకు బ్యాండు సరిచూసుకుంది.

పోయిన నెల ఒక మధ్యాహ్నం గుర్తొచ్చింది. ఎవరో పెద్దాయన వచ్చారు, లోపల ఉండేది ఎవరని అడుగుతున్నారు అన్నాడు తమ్ముడు. ఏదో ఫిర్యాదు అనుకుంది. అప్పుడు ఆమె చేతిలో మందు డబ్బా ఉంది, ఇంకా ఆరు నిమిషాలు తిప్పాలి. ఉండమను, వస్తాను అంటూనే ఎవరివో ఆరిన నెగెటివ్‌లు గూట్లోంచి అందించింది. అప్పుడు బయట కెమెరా చప్పుడయింది, తీరిగ్గా తెరుచుకుని తీరిగ్గా మూసుకున్నట్టు. రోజూ ఎవరో ఒకరు కౌంటరు దగ్గర కెమెరా నొక్కి చూసుకుంటూనే ఉంటారు. ఆమె పట్టించుకోలేదు. ఆరు నిమిషాలయ్యాక చేతులు తుడుచుకుని వెళ్తే కౌంటరు ముందు కుర్చీ ఖాళీగా ఉంది. బస్సు వేళయిందని వెళ్ళిపోయారట. పేరు చెప్పలేదట.

ఆమె స్టూలు మీద కూర్చుని కాసేపు ఏడ్చింది, కాసేపు నవ్వింది. తర్వాత లేచి ఒక కాగితం ముక్క చించి రాసింది. ముక్క పదిలంగా వచ్చింది. ఈసారి వస్తే చీకటిగది తలుపు కొట్టండి, డబ్బా పట్టుకునే బయటికి వస్తాను. రాసి చదువుకుంది. డబ్బా పట్టుకుని రావచ్చని ఆ రోజే ఎందుకు తోచలేదా అని తనను తానే తిట్టుకుంది. ముప్పై ఆరేళ్ళుగా ఈ గదిలోంచి డబ్బా బయటికి రాలేదు, అందుకని తోచలేదు. మందుకు ఎక్కడ తిప్పితే ఏమిటి?

నాలుగున్నరకు ఫిల్ము ఆరింది. ఆరేసి ఫ్రేముల చొప్పున ఆరు ముక్కలు చేసింది. ముప్పై ఏడోది ఎప్పటిలాగే ఒంటరిగా మిగిలింది. అన్నిటినీ కవర్లలో దూర్చి, తన కాగితాన్ని కూడా పెట్టి గూట్లోంచి అందించింది. తమ్ముడు స్కాన్ చేశాడు. చివరిది తెర మీదికి రాగానే కుర్చీ వెనక్కి జరిపిన చప్పుడు వినిపించింది.

"అక్కా, ఇది నీ చెయ్యి కదూ?"

ఆమె అవునంది. అతను ఫిల్ము ముక్కలు తిరిగి పంపే చిరునామా కోసం మధ్యాహ్నం వచ్చిన కవరు తీసి దులిపాడు. అందులోంచి ఇంకో కాగితం జారింది. అతను చదివాడు. తర్వాత గూట్లోంచి కాగితం ఒక్కటే లోపలికి వచ్చింది.

అది ఆయన కూతురు రాసినది. నాన్న ఈ నెల మూడో తారీకున నిద్రలోనే పోయారు. ఈ కవరు మీద చిరునామా రాసి, స్టాంపులు కూడా అంటించి బల్ల మీద పెట్టుకున్నారు, పోస్టు చెయ్యకుండా ఉండలేకపోయాను. నాన్న ఏ గ్రూపులోనో నెలనెలా చివరి ఫోటో పెట్టేవారట, నాన్న ఫోనులో వాళ్ళు అడుగుతున్నారు, నాకు ఆ సంగతులు తెలియవు, మీకు తెలిస్తే మీరే పెట్టండి. నెగెటివ్‌లు జాగ్రత్తగా పంపించండి. అమ్మవీ నాన్నవీ అన్నీ ఒకచోట పెట్టుకుంటున్నాను.

ఆమె రెండుసార్లు చదివింది. మూడో తారీకున తాను ఏం చేస్తూ ఉందో గుర్తుతెచ్చుకోవడానికి ప్రయత్నించింది. ఏమీ గుర్తు రాలేదు. ఫిల్ములు కడుగుతూ ఉండి ఉంటుంది.

"ఆ ముక్క ఒక్కటీ ఉంచుకో అక్కా" అన్నాడు తమ్ముడు గూట్లోకి వంగి, మెల్లిగా. "వాళ్ళకేం తెలుస్తుంది? ముప్పై ఆరూ ఉన్నాయిగా."

ఆమెకు ఆ ముక్క కావాలి. జీవితంలో ఏదీ ఇంతగా కావాలనిపించలేదు.

"పంపించెయ్ తమ్ముడూ. కొస దాకా వాళ్ళదే."

తన కాగితాన్ని మాత్రం కవర్లోంచి తీసి ఇమ్మని, నాలుగు మడతలు పెట్టి ఏప్రన్ జేబులో వేసుకుంది. ఆయన కూతురు చెప్పినట్టే తమ్ముడు ల్యాబు ఖాతాలోంచి ఆ ఫోటో గ్రూపులో పెట్టాడు. పైన ఆయన కబురు రాసి, ఫోటో కింద ఎప్పటి మాటలే రెండు వేశాడు, మిగిలిన ముక్క.

ఆరింటికి గది తుడిచి, మందుల సీసాలకు మూతలు బిగించి, ఆమె ఫోను తెరిచింది. చాలామంది నమస్కారాలు పెట్టారు. ఆవిడ నిద్రపోయిన ఫోటోను ఎవరో వెతికి మళ్ళీ పెట్టారు. మధ్యలో ఒకరు అడిగారు, ఈసారి కుర్చీ లేదే, ఎవరి చెయ్యి అది? మనవరాలిదేమో అని ఒకరు, నర్సు అయ్యుంటుందని ఒకరు. పళ్ళ డాక్టరు కూడా రాశాడు. వెలుతురు అర స్టాపు తగ్గిస్తే ఇంకా బాగుండేదనీ, అయినా చేతులు తీయడం అందరివల్లా కాదనీ. ఏడేళ్ళుగా వారం వారం ఆ చేతిలోంచే ఫిల్ములు అందుకుంటున్న మనిషి. ఈరోజు పొద్దున కూడా అందుకున్నాడు.

బూడిదరంగు సున్నా పక్కన జవాబు రాసే గడి తెరుచుకుని ఉంది. ఆమె బొటనవేలు దాని మీద ఆగింది. నాది అని రాస్తే రెండే అక్షరాలు. ఆమె రాయలేదు. ఆయనకు తెలుసు, అది చాలనుకోవడానికి ప్రయత్నించింది. చాలలేదు. తలుపు కొడితే చూడాలని ఉంది. ఆయన గొంతు ఎలా ఉంటుందో వినాలని ఉంది.

చెత్తబుట్ట పారబోయడానికి ఎత్తినప్పుడు అడుగున ఆయన ఫిల్ము డబ్బీ కనిపించింది. మూత ఊడి, ఇరుసు విడిపోయి ఉంది. ఇది ఎవరికీ పంపనక్కర్లేదు. ఇరుసును తీసి ఏప్రన్‌తో తుడిచి, గడియారం పక్కన, పాత చీటీ ముందు నిలబెట్టింది. దీపం ఆర్పింది, ఈసారి కళ్ళు మూసుకోలేదు. తర్వాత తలుపు దగ్గరగా వేసి, తమ్ముడికి వెళ్ళొస్తానని చెప్పి, మణికట్టున రబ్బరు బ్యాండ్లతో వీధిలోకి నడిచింది.

వేలెడంత నల్లటి ఇరుసు చీకట్లో నిలబడి ఉంది, దాని నడుముకు టేపు, టేపు కింద ఆమె కత్తెర వదిలిన సన్నటి ఫిల్ము పీలిక.